మూతి మీద ఉద్యోగం

నేను ఒక మీసాన్ని. ఎవరి మూతి మీదా మొలిచినదాన్ని కాదు, పెట్టుడు మీసాన్ని. మీసం అనగానే మీరు పౌరుషమనీ మగతనమనీ ఏవేవో చెప్పుకుంటారు. ఆ మాటలన్నీ విని విని నాకు విసుగొచ్చింది. నా పౌరుషమంతా స్పిరిట్‌గమ్ సీసాలో ఉంటుంది. అది కాస్త తక్కువ రాస్తే నిండు సభలో ఒక పక్క ఊడి వేలాడతాను. కాస్త ఎక్కువ రాస్తే, నన్ను పీకేటప్పుడు మహారాజులు కూడా అమ్మా అంటారు.

నన్ను తయారుచేసింది తెనాలిలో వీరరాఘవులు. నాటకాలకు కిరీటాలు, భుజకీర్తులు, విగ్గులు అద్దెకిచ్చే డ్రస్సుల కంపెనీలో ఆయన పనివాడు. నా వెంట్రుకలు ఏ కొండ మీద ఎవరు మొక్కు తీర్చుకోగా రాలినవో నాకు తెలియదు. అంత పొడుగున ఉన్నాయంటే బహుశా ఆడవాళ్లవే అయ్యుంటాయి. ఆ సంగతి చెప్పి, నన్ను మెలేసి తొడగొట్టినవాళ్ల మనసు కష్టపెట్టడం దేనికని ఇన్నాళ్లూ ఊరుకున్నాను. వీరరాఘవులు సన్నటి జాలీ గుడ్డ మీద ఒక్కో వెంట్రుకనూ సూదితో ముడివేసి, కొసలు రెండూ పైకి తిప్పి, వెలుగులో పెట్టి చూసుకుని, "ఇది రాజు మీసం. తెలిసిందా, భటులకి ఇవ్వమాకండి" అని కొట్లో వాళ్లకు గట్టిగా చెప్పాడు.

అలా నేను కోటిలింగం మూతి మీదికి చేరాను. ఆయన పగలు బియ్యం మిల్లులో గుమస్తా, సాయంత్రాలు రత్నగిరి మహారాజు రణధీరుడు. 'రత్నగిరి విజయం' అని ఆ ఊరి తెలుగు మాస్టారొకాయన రాసిన పద్యనాటకం ఉంది. అందులో రాజు వేషం ఆయనదే. ఒకసారి నన్ను పెట్టుకున్నాక మళ్లీ కంపెనీకి తిరిగివ్వలేదు. వాళ్లు అడిగి అడిగి మానుకున్నారు. తలుపు దగ్గరే కొక్కేనికి ఉన్న సంచీలో, చిన్న రేకు డబ్బాలో నన్ను దాచుకునేవాడు.

మూతి మీద కాపురం ఎలా ఉంటుందో మీకెవరూ చెప్పి ఉండరు. పైన ముక్కు, కింద నోరు. పైనుంచి వచ్చేది ఒకటైతే కిందనుంచి వచ్చేది ఇంకొకటి. టీ తాగితే నాకు సగం, మజ్జిగ తాగితే నాకు ముప్పాతిక. అయినా ఓర్చుకున్నానంటే కారణం ఒక్కటే, ఆ గొంతు. మూడో అంకంలో శత్రురాజుల సభలో నిలబడి 'తలవంచను' అని పద్యం చివరి మాట ఎత్తుకున్నాడంటే, ఆ రాగం నన్ను దాటుకుని వెళ్లేటప్పుడు నా ప్రతి వెంట్రుకా వణికేది. కింద పెట్టె వాయించే నాగూర్ సాహెబు కళ్లు మూసుకునేవాడు. పెట్టె అంటే హార్మోనియం. నాగూరూ కోటిలింగమూ చిన్నప్పటినుంచీ బావా అంటే బావా అనుకునేవాళ్లు. ఏ వరసన బావలో ఇద్దరికీ తెలియదు.

రాగం ముగియగానే జనం "వన్స్‌మోర్" అనేవారు. పద్యనాటకం చూసినవాళ్లకు ఆ మాట సంగతి తెలుసు. వన్స్‌మోర్ అంటే చచ్చిపోయిన పాత్ర కూడా లేచి, మళ్లీ పద్యం పాడి, మళ్లీ చచ్చిపోవాల్సిందే. కోటిలింగం ఆ మాట వినగానే రెండు చేతులూ జోడించి, ఒక అడుగు ముందుకు వేసి, అదే పద్యాన్ని ఇంకాస్త పొడుగ్గా ఎత్తుకునేవాడు. ఆయనకు దండలూ శాలువాలూ పెద్దగా పట్టేవి కావు. ఆ ఒక్క మాట కోసమే బతికేవాడంటే అతిశయోక్తి కాదు.

ఇంతలో హైదరాబాదు నుంచి ఎవరో నాటక పోటీలు చూడటానికి వచ్చి, తర్వాత వేషధారణ గదిలోకి వచ్చారు. 'ఏడిళ్ల వాకిలి' అనే టీవీ సీరియల్లో పోలీసు ఇన్‌స్పెక్టరు కావాలన్నారు. "ఆ మీసం, ఆ ఠీవి మాకు నచ్చాయండీ" అన్నారు. గొంతు గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. నేను అప్పుడే గమనించాను. కోటిలింగం గమనించలేదు. ఆయన భార్య సామ్రాజ్యం మాత్రం, "మీసం వాళ్లకి నచ్చితే దాన్నే పంపించు, నువ్వెందుకు" అంది. ఆవిడ ఎప్పుడూ అంతే, వేళాకోళంగా అన్నట్టే అని అసలు సంగతి చెప్పేస్తుంది.

మిల్లు ఉద్యోగం మానేసి, సామ్రాజ్యాన్ని తెనాలిలోనే ఉంచి, ఆయనా నేనూ హైదరాబాదు వెళ్లాం. మేకప్ మనిషి యాదగిరి నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, "సార్, మీసం మస్తుగున్నది గానీ గిది పోలీసోల్లకు నడ్వది. జర కొసలు కోస్త, ఏమనుకోకుండ్రి" అన్నాడు. కోటిలింగం ఏమీ అనుకోలేదు. నేను అనుకున్నాను, కానీ నన్ను అడిగేదెవరు? వీరరాఘవులు అంత ప్రేమగా పైకి తిప్పిన కొసలు కత్తెరకింద పడి నేల మీద రాలాయి. రత్నగిరి రాజు మీసాన్ని కాస్తా సీఐ ప్రతాప్ మీసాన్నయ్యాను.

ఆ మొదటి రోజు జరిగిన తమాషా తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. పోలీస్‌స్టేషన్ సెట్టు వేశారు. కోటిలింగం బూట్లు బయట విప్పి, గడప దగ్గర నేలను తాకి కళ్లకద్దుకుని, సాక్సులతో లోపలికి వెళ్లాడు. రంగస్థలం ఎక్కేటప్పుడు ఆయనకు అలవాటు. "సర్, బూట్లు" అని అందరూ కేకలు. బూట్లు వేయించారు. దొంగను పట్టుకునే ఘట్టం మొదలైంది. ప్రేక్షకులకు వీపు చూపకూడదని ఆయనకు గురువు నేర్పిన పాఠం. అందుకని దొంగ వెనక్కి పారిపోతుంటే ఈయన కెమెరా వైపే తిరిగి నిలబడి, "ఆగరా దుర్మార్గుడా" అని గది అదిరేలా అన్నాడు. సౌండు చూసే అబ్బాయి చెవులకున్నవి తీసి పక్కన పడేశాడు.

దర్శకుడు శ్రీకర్ మర్యాద తెలిసినవాడు, కసురుకోలేదు. "సర్, వన్ మోర్" అన్నాడు.

కోటిలింగం మొహం విచ్చుకుంది. వచ్చిన మొదటి రోజే, మొదటి మాటకే వన్స్‌మోర్. రెండు చేతులూ జోడించాడు, ఒక అడుగు ముందుకు వేశాడు, "ఆగరా" అనే మాటను రాగం తీసినంత పొడుగు లాగి, ఇంతకుముందుకన్నా గట్టిగా అన్నాడు. శ్రీకర్ మళ్లీ "వన్ మోర్" అన్నాడు. ఈయన మళ్లీ దణ్ణం పెట్టి ఇంకా పెద్దగా అన్నాడు. పక్కన సంభాషణలు అందించే ప్రణీత అనే అమ్మాయి నవ్వు ఆపుకోలేక కాగితాలు మొహానికి అడ్డం పెట్టుకుంది. చివరికి యాదగిరే దగ్గరికొచ్చి చెవిలో చెప్పాడు.

"సార్, వన్ మోర్ అంటే మంచిగ జేసిన్రని గాదు. మంచిగ రాలే, మల్ల జేయుండ్రని."

ఆ క్షణాన ఆయన పై పెదవి నా కింద చల్లబడటం నాకు తెలిసింది. తర్వాత షాటులో చాలా మెల్లగా మాట్లాడాడు. అదీ బాగాలేదన్నారు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర శ్రీకర్ యాదగిరిని పిలిచి ఏదో చెప్పాడు. యాదగిరి తడి దువ్వెన తెచ్చి నన్ను కిందికి దువ్వాడు. ఇంకా కిందికి, పై పెదవి మొత్తం మూసుకుపోయేదాకా. కోటిలింగం ఎందుకని అడిగితే, "పోలీసోల్లకు గిట్లనే ఉంటది సార్" అన్నాడు. అది అబద్ధమని అప్పుడు నాకూ తెలియదు. నెల తిరక్కుండానే తెలిసింది.

సీరియల్లో సీఐ ప్రతాప్ మొదటిసారి కనిపించే రోజు సామ్రాజ్యం ఇల్లంతా చుట్టాలు. నాటక సమాజం వాళ్లందరూ చాపల మీద కూర్చున్నారు. కోటిలింగం రెండు రోజులు సెలవు పెట్టుకుని వచ్చాడు. నా మొహం నేను చూసుకుంటానని కాబోలు, నన్ను కూడా డబ్బాలోంచి తీసి టీవీ పక్కన పెట్టాడు. జీపు వచ్చింది. బూట్లు కనిపించాయి. ఆ తర్వాత లాఠీ, ఆ తర్వాత నేను. జనం చప్పట్లు కొట్టారు. సీఐ ప్రతాప్ నోరు తెరిచి, "చట్టం నిద్రపోదు. నేనూ పోను" అన్నాడు.

ఆ గొంతు ఎవరిదో. సన్నగా, నున్నగా, కొత్త పెళ్లికొడుకు గొంతులా ఉంది.

చప్పట్లు ఆగిపోయాయి. నాగూర్ సాహెబు కాసేపు టీవీ వైపూ కాసేపు కోటిలింగం వైపూ చూసి, "జలుబు చేసిందా బావా నీకు అప్పుడు?" అని అడిగాడు. అడగడం కాదు, అలా ఒప్పుకోమని బతిమాలటం. "ఆఁ, కాస్త చేసింది" అన్నాడు కోటిలింగం. సామ్రాజ్యం లేచి వంటింట్లోకి వెళ్లి, అవసరం లేని గిన్నెలన్నీ కడిగింది.

అప్పుడర్థమైంది నాకు. నన్ను పెదవి మీదికి దువ్వించింది పోలీసు ఠీవి కోసం కాదు. పెదవుల కదలిక కనబడకపోతే వేరేవాళ్ల గొంతు అతికించడం సులువు. ఒకరి గొంతు మీద ఇంకొకరి గొంతు పెడుతుంటే మధ్యలో తెరలా నన్ను వేలాడదీశారు. రాజు మీసానికి పట్టిన గతి ఇదా అని కుళ్లి కుళ్లి చచ్చాను.

కోటిలింగం వెళ్లి శ్రీకర్‌ని అడిగాడు. "నా డబ్బింగు నేనే చెప్పుకుంటానండీ. తక్కువ గొంతుతో చెప్తాను" అన్నాడు. అంత పెద్దమనిషి అలా చేతులు నలుపుకుంటూ నిలబడటం నాకు నచ్చలేదు. శ్రీకర్ కాదనలేదు. షూటింగునుంచి మేకప్‌తోనే వెళ్లి, చిన్న గదిలో మైకు ముందు నిలబడ్డాం. ఎర్ర లైటు వెలిగింది. కోటిలింగం గొంతును మడిచి మడిచి, "చట్టం నిద్రపోదు" అన్నాడు. అద్దం వెనకనుంచి "వన్ మోర్" అన్నారు. ఇంకాస్త మడిచాడు. "వన్ మోర్" అన్నారు. చివరికి ఎంత మడిచాడంటే అందులో ఆయన మిగల్లేదు.

"మీ గొంతు చాలా బాగుంటుంది సర్" అన్నాడు శ్రీకర్ బయటికొచ్చాక. "కానీ ఇది ఇంట్లో కూర్చుని చూసేది కదా. అంత గొంతు ఇళ్లల్లో పట్టదు."

మానేసి వచ్చేయవచ్చు కదా అని మీరంటారు. నేనూ అన్నాను, నా మాట ఎవరికి వినబడుతుంది? సీరియల్ మహా జోరుగా నడిచింది. తెనాలి బజారులో నడుస్తుంటే నిజం కానిస్టేబులు సైకిలు దిగి సెల్యూట్ కొట్టాడు. మనుషుల సంగతి మీకు తెలిసిందేగా, ఒక సెల్యూట్ రుచి మరిగితే ఆ చెయ్యి దింపనివ్వరు. పైగా అక్కడ సంభాషణలు నోటికి రావాల్సిన పని లేదు, ప్రణీత ఒక్కో ముక్కా అందిస్తే ఈయన ఒక్కో ముక్కా అనడమే. పద్యాలు మొత్తం కంఠతా ఉన్న మనిషి "రేపు" అనే మాట కూడా ప్రణీత అంటేగాని అనలేని స్థితికి వచ్చాడు. షాటుకీ షాటుకీ మధ్య కుర్చీలో వెనక్కి వాలి గురకపెట్టేవాడు. చట్టం సంగతేమోగానీ ఆయన బాగానే నిద్రపోయేవాడు. ఆ గురకంతా నా మీదుగానే పోయేది.

అసలు బాధ అది కాదు. బజారులో జనం "సీఐ గారూ, ఆ డైలాగు ఒకసారి చెప్పండి" అని చుట్టుముట్టేవారు. ఈయన తన గొంతుతో చెప్తే, "టీవీలోలాగా లేదండీ" అని మొహాలు చిన్నబుచ్చుకునేవారు. వాళ్లను నిరాశపరచడం ఇష్టం లేక ఆ డబ్బింగు కుర్రాడి గొంతును అనుకరించడం మొదలుపెట్టాడు. అదే అలవాటైంది.

"ఇంట్లో మజ్జిగ కూడా ఆ గొంతుతోనే అడుగుతున్నాడు అన్నయ్యా" అని సామ్రాజ్యం ఒకరోజు నాగూర్‌తో చెప్పింది. "ఎవరో పరాయి మగాడికి అన్నం పెడుతున్నట్టుంది నాకు."

నాగూర్ ఆ రోజే కోటిలింగం ముందు కూర్చున్నాడు. సమాజం వార్షికోత్సవం వస్తోంది, 'రత్నగిరి' వేద్దామన్నాడు.

"గొంతు లేదు బావా" అన్నాడు కోటిలింగం.

"ఏడకి పోయింది?"

"తెలవదు. వాడక పోయింది."

"నేను పెట్టె పట్టుకోని రోజూ పొద్దున్నే వస్తా. వెతుకుదాం."

కోటిలింగం షూటింగుకు సెలవు పెట్టి ఊళ్లోనే ఉండిపోయాడు. అలా నెలకు పైగా వెతికారు. మొదట్లో గొంతు పైకి వెళ్లేది కాదు, దగ్గు వచ్చేది. కోపమొచ్చి నాగూర్ మీద అరిచేవాడు. ఆ అరుపులోనే పాత గొంతు కొంచెం కొంచెం కనబడేదని నాగూర్ మురిసిపోయేవాడు. నాటకం రోజు దగ్గరపడేసరికి కోటిలింగం బాగానే పాడుతున్నాడు, కానీ తనకే నమ్మకం లేదు. ఈసారి జనం ముందు పలకకపోతే ఇక ఆ గొంతును మర్చిపోతానని సామ్రాజ్యంతో చెప్పాడు. డబ్బాలో ఉండి నేను విన్నాను.

ఊరంతా పోస్టర్లు వేశారు. 'సీఐ ప్రతాప్ గారు రాజు పాత్రలో' అని పెద్దక్షరాలు. కోటిలింగం అనే పేరు ఎక్కడో కింద, ప్రెస్సు పేరుకు కాస్త పైన. హాలు నిండిపోయింది. నాటకాలంటే మొహం తిప్పుకునేవాళ్లు కూడా వచ్చారు. నా కొసలు ఎటూ లేవు కాబట్టి నన్ను పోలీసు తీరులోనే పెదవి మీదికి దించి అతికించుకున్నాడు. నెత్తిన కిరీటం, మూతి మీద స్టేషను.

మూడో అంకం వచ్చింది. శత్రురాజుల సభలో కోటిలింగం నిలబడి పద్యం ఎత్తుకున్నాడు. గొంతు పలికింది. నేను నా పాత వణుకు వణికాను. ఎన్నేళ్లకు. కానీ పద్యం మధ్యలోనే హాల్లో గుసగుస మొదలైంది. ముందు వరసలో కండువా వేసుకున్న పెద్దాయన పక్కవాడితో అన్న మాట మా దాకా వినబడింది.

"ఇది ఆయన గొంతు కాదయ్యా. టీవీలో వినలా, ఆయన గొంతు సన్నగా ఉంటది. ఎనకాల ఎవరో పాడుతున్నారు, ఈయన నోరు ఆడిస్తన్నాడు."

"రికార్డేసుంటారు" అన్నాడు పక్కవాడు. "మీసం కింద పెదాలు కదులుతున్నాయో లేదో ఎవురికి తెలుసు."

ఆ మాట వరసలు దాటి వెనక్కి పోయింది. ఎవరో నవ్వారు. హాలు యాజమాన్యం వాళ్లలో ఒకాయన నిజంగానే తెర వెనక్కి వచ్చి, దాక్కున్న గాయకుడి కోసం వెతికాడు. కోటిలింగం పద్యం ఆపేశాడు. కిరీటం కింద ఆయన మొహం చూడాల్సింది. సొంత గొంతుకు దొంగ అనిపించుకున్నవాడు లోకంలో ఆయనొక్కడే అయ్యుంటాడు. కాళ్లు వెనక్కి పడుతున్నాయి. నాగూర్ పెట్టె మీదినుంచి తలెత్తి, శ్రుతి మాత్రం ఆపకుండా అలాగే పట్టుకుని చూస్తున్నాడు.

కోటిలింగం చెయ్యి పైకి లేచి నన్ను పట్టుకుంది. గమ్ బాగా పట్టి ఉంది. ఒక్క లాగు లాగాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి, అవి నొప్పివే అని నేను ప్రమాణం చెయ్యలేను. నన్ను తీసుకెళ్లి నాగూర్ హార్మోనియం మీద పెట్టాడు. మైకు పక్కకు జరిపి, వేదిక అంచుకు వచ్చి, ఉత్తి మూతితో, అందరికీ పెదవులు కనబడేలా మొదటినుంచీ ఎత్తుకున్నాడు.

నేను ఆ గొంతును ఎప్పుడూ లోపలినుంచే విన్నాను. అది నన్ను దాటి ఎటు వెళుతుందో, వెళ్లి ఏం చేస్తుందో చూడలేదు. ఆ సాయంత్రం మొదటిసారి ఎదుటినుంచి విన్నాను. 'తలవంచను' అనే మాట దగ్గర ఆగి, ఎక్కి, ఇంకా ఎక్కి, హాలు వెనక తలుపులదాకా వెళ్లి తిరిగొచ్చింది. ఇన్నేళ్లూ మూతి మీద కూర్చుని అంతా నా ప్రతాపమే అనుకున్నాను. సిగ్గేసింది, సంతోషమూ వేసింది.

రాగం ముగిసింది. కండువా పెద్దాయన లేచి నిలబడి, "వన్స్‌మోర్" అన్నాడు. వెనక వరసలు అందుకున్నాయి.

కోటిలింగం మొహం తెల్లబోయింది. చేతులు జోడించలేదు, ముందుకు అడుగు వెయ్యలేదు. నాగూర్ వైపు వంగి, చాలా మెల్లగా అడిగాడు.

"ఎక్కడ తప్పు పోయింది బావా?"

పెట్టె వాయించే నాగూర్ వేళ్లు ఆగిపోయాయి. "తప్పు పోలేదు బావా" అన్నాడు. "వన్స్‌మోర్ అంటున్నారు. మనోళ్లు. ఎత్తుకో."

ఆ తర్వాత కథ చిన్నదే. గొంతు నాదైతేనే వస్తానని కోటిలింగం శ్రీకర్‌కు కబురు పెట్టాడు. సీరియల్లో సీఐ ప్రతాప్‌కు బదిలీ అయిపోయింది. కొత్త సీఐ వచ్చాడు, మీసం లేదు. గొంతు మాత్రం పాతదే, ఆ కుర్రాడిదే. ఎవరికీ తేడా తెలియలేదని విన్నాను. కోటిలింగం ఇప్పుడు రత్నగిరి రాజును ఉత్తి మూతితోనే ఆడుతున్నాడు. రాజుకు మీసం లేకపోవడమేమిటని వీరరాఘవులు ఇంకా సణుగుతూనే ఉన్నాడు. నేనూ ఆయన పక్షమే.

నన్ను మళ్లీ ఎవరూ అతికించలేదు. నాగూర్ హార్మోనియం పెట్టెలో, వేళ్లతో నొక్కే మెట్ల పక్కన ఒక మూల పడి ఉన్నాను. కోపం లేదని అబద్ధం చెప్పను. అయినా పొద్దున్నే మూత తీసినప్పుడు ఆ గొంతు ఎదురుగా నా మీదికి వస్తుంది, అది మూతి మీద ఉన్నప్పుడు దొరకనిదే. పద్యం ముగిశాక నాగూర్ ఒక్కోసారి వేళాకోళానికి "వన్స్‌మోర్" అంటాడు. కోటిలింగం ఇప్పటికీ ఒక్క క్షణం ఆగి ఆయన మొహంలోకి చూస్తాడు. చూసి, అప్పుడు పాడతాడు.